రెండు తెరలు, ఒక పట్టీ

వ్రాతబల్ల ముందు కూర్చున్నవాడు చూపు మరల్పకయే చేయి చాచి సిరాబుడ్డిలో కలమును ముంచును. ఆ బుడ్డి ప్రతిదినము ఒకేచోట నుండుటయే అందులకు కారణము. దాని నెవరైన రెండవ మూలకు జరిపినచో చేయి పాతచోటికే పోవును, వ్రాత ఆగిపోవును. కంప్యూటరు తెరకు ‘డెస్క్‌టాప్’ అని పేరు. బల్ల పైభాగమని దాని యర్థము. వ్రాతబల్లకు వర్తించు నియమమే ఈ బల్లకును వర్తించును.

ఈ తెర యంచున సన్నని పట్టీ యొకటి కనబడును. దానిని ప్యానెల్ అందురు. విండోస్ వాడువారు టాస్క్‌బార్ అందురు. కార్యక్రమముల జాబితా, తెరచియున్న విండోల గుర్తులు, గడియారము మొదలగునవి దానియం దుండును. తెర యొక్కటియే యైనప్పుడు పట్టీ దానిపైననే యుండును. తెరలు రెండైనప్పుడు, అది దేనిపై నుండవలెనను ప్రశ్న పుట్టును.

ఒక అచ్చుకూటమున పాఠ్యపుస్తకమును కూర్చు ఉద్యోగిని ఉదాహరణముగా తీసికొనవచ్చును. ఆతని యెడమ మానిటరుపై రచయిత వ్రాతప్రతి, కుడి మానిటరుపై తాను కూర్చుచున్న పుట ఉండును. ఒకదానిని చూచుచు రెండవదానిపై పనిచేయుటవలన ఆతనికి కాలము కలిసివచ్చుచుండెను. ఒకనాడు గది శుభ్రము చేయునప్పుడు ఊడిన తీగలను ఎవరో తారుమారుగా తగిలించిరి. ఎడమ మానిటరు మీట వేయుట మరచిరి. ఉద్యోగి వచ్చి చూడగా కుడి తెరపై పట్టీ లేదు. తాను తెరచిన విండో యేదియు కానరాదు. సాయంకాలమునకు పుటలు ముద్రణకు పోవలెను. పనియంతయు నశించినదేమో యని ఆతని గుండె గుభేలుమనెను.

నిజమునకు నశించిన దేదియు లేదు. మీట వేయకున్నను, తీగ తగిలియున్న మానిటరును కంప్యూటరు పలుమారులు పనిచేయుచున్న దానిగనే యెంచును. పట్టీయు, విండోలును ఆ చీకటి తెరపైననే యున్నవి.

ఇట్లు జరుగుటకు గల కారణమును తెలిసికొనుట మంచిది. తెరపై బొమ్మ సన్నని చుక్కలతో నేర్పడును. ఈ చుక్కలను పిక్సెళ్లందురు. అడ్డముగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు గల రెండు మానిటర్లను ప్రక్కప్రక్కన నుంచినచో, కంప్యూటరునకు అది అడ్డముగా 3840 పిక్సెళ్లు గల ఒకే మైదానము. అందులో నొక తెరను ‘ప్రధాన’ మని నిర్ణయించి, సాధారణముగా పట్టీని దానిపై నుంచును. అయితే ఏ తెర యేదియో దానికెట్లు తెలియును? తీగ తగిలించిన రంధ్రమునుబట్టి గుర్తించుట యొక పద్ధతి. రంధ్రము మారినచో ఈ గుర్తింపు తప్పును. మానిటరు తన తయారీదారుని, తన రకమును తెలుపు సమాచారమును తీగ ద్వారా పంపును. దీనికి ఈడిఐడి అని పేరు. దీనినిబట్టి గుర్తించుట రెండవ పద్ధతి. తీగ మారినను మనిషిని ముఖమునుబట్టి పోల్చినట్లు ఇది తెరను పోల్చుకొనును. కాని రెండు మానిటర్లు ఒకే రకమువైనచో కవలపిల్లలను చూచినట్లు ఇదియు తడబడవచ్చును.

పట్టీని ఏ యంచున నుంచవలెననునదియు ఆలోచింపదగినదే. గురి ఎంత దూరమో, ఎంత చిన్నదో, దానిని చేరుటకు అంత యెక్కువ కాలము పట్టునని పాల్ ఫిట్స్ అను అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 1954లో వెల్లడించెను. తెర వెలుపలి యంచున మౌస్ బాణము తనంతట తానే ఆగిపోవును గనుక, అచ్చటి పట్టీని చేరుట సులభము. రెండు తెరలు కలియుచోట నట్లుకాదు. బాణము ఆగక పొరుగు తెరలోనికి జారిపోవును. కావున కూడలి యంచును విడిచి వెలుపలి యంచున పట్టీని నిలుపుట మేలు.

ఈ సౌకర్యములన్నియు నొక్కనాడు వచ్చినవి కావు. 1987లో వెలువడిన మాకింటోష్ రెండవ రకపు యంత్రమునకు పెక్కు మానిటర్లను తగిలించు వీలు కలిగెను. టాస్క్‌బార్ 1995లో విండోస్ తో వచ్చెను; 1998 నాటి కూర్పు రెండవ తెరను అంగీకరించెను. కాని అన్ని తెరలపైనను టాస్క్‌బార్ కనబడు ఏర్పాటు 2012లో విండోస్ 8 తోగాని రాలేదు. లినక్స్ పై నడచు కెడిఇ ప్లాస్మా రూపకర్తలు పట్టీలు తప్పిపోవు చిక్కును తగ్గించుటకై 2023 నాటి 5.27వ కూర్పున పెక్కు తెరల నిర్వహణ విధానమును చాలవరకు తిరిగి వ్రాసిరి.

అచ్చుకూటపు ఉద్యోగి చేసినదేమి? మొదట తొందరపడి దేనిని మూసివేయలేదు. తీగలను వరుసగా పరిశీలించి, ఎడమ మానిటరు మీట వేసెను. పట్టీ, దానితో పుటలన్నియు వెలుగులోనికి వచ్చెను. పిమ్మట తెరల అమరికను తెరచి, కుడి మానిటరును ప్రధానముగా నిర్ణయించెను. రెండు తీగలకును ‘ఎడమ’, ‘కుడి’ అని వ్రాసిన కాగితపు ముక్కలను అంటించెను. పుటలు వేళకు ముద్రణకు పోయెను.

పరికరములెన్ని పెరిగినను, ప్రతిదానికిని ఒక చోటును, ఆ చోటును తెలుపు ఒక గుర్తును ఏర్పరచుకొన్నవానికి వెదకులాట తగ్గును. వెదకుటలో మిగిలిన కాలము పనికి దక్కును.