కరెంటుకు ముందు పళ్ల డాక్టరు

నోరు, నాలుక, గొంతు క్యాన్సర్లకు ఇచ్చే రేడియేషన్‌ను పల్లెల్లో ‘కరెంటు పెట్టడం’ అంటారు. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాల్లో మొత్తం 60 నుంచి 70 గ్రే మోతాదు ఇవ్వడం మామూలు. ఆ కిరణాల దారిలో లాలాజల గ్రంథులూ ఉంటాయి. ఆరోగ్యవంతుల నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరే లాలాజలం మొదటి వారంలోనే సగానికి పడిపోవచ్చు. మిగిలింది చిక్కబడి, ఆమ్లగుణం పెరుగుతుంది.

నోట్లో మిగిలిన తీపిని కడిగేది, బ్యాక్టీరియా వదిలే ఆమ్లాన్ని విరిచేది, ఎనామిల్‌కు కాల్షియం తిరిగి ఇచ్చేది లాలాజలమే. అది ఎండిపోతే, సాధారణంగా పుచ్చని కింది ముందుపళ్లు కూడా చిగురు అంచున చుట్టూ పుచ్చిపోతాయి. కొన్ని నెలల్లోనే పైభాగం విరిగిపోతుంది. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి చాలామంది ఆలస్యంగా గమనిస్తారు.

అందుకే పంటి వైద్యం రేడియేషన్‌కు ముందే మొదలవ్వాలి. నిలవని పళ్లను కనీసం రెండు, వీలైతే మూడు వారాల ముందు తీయించాలి. పుండు మానే వ్యవధి అది. ఉయ్యూరు వైపు నుంచి వెళ్లేవారికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. క్యాన్సర్ అన్న కంగారులో పళ్ల సంగతి ఎవరికీ గుర్తురాదు; ఈ ఒక్క ప్రయాణాన్ని మాత్రం వాయిదా వేయకూడదు.

తర్వాతి కాపలా ఫ్లోరైడ్‌ది. రోగి పళ్ల అచ్చుకు సరిపోయే ట్రేలో 1 శాతం సోడియం ఫ్లోరైడ్ జెల్ వేసి, రోజూ రాత్రి ఐదు నిమిషాలు పెట్టుకుని ఉమ్మేయాలి. అరగంట దాకా ఏమీ తినకూడదు, పుక్కిలించకూడదు. ట్రే కుదరకపోతే డాక్టరు రాసే 5,000 పీపీఎం పేస్టు వాడవచ్చు; మామూలు పేస్టులో ఉండేది 1,000 లోపే. గ్రంథులు పూర్తిగా కోలుకోవడం అరుదు కాబట్టి ఇది జీవితాంతం చేయాల్సిన పని. ఫ్లోరైడ్ అనగానే తెలుగువారికి నల్గొండ గుర్తొస్తుంది. ఆ భయం ఇక్కడ అక్కర్లేదు. అక్కడి కీడు ఏళ్ల తరబడి తాగిన నీటిది. ఈ జెల్‌ను మింగరు.

చెరకు తోటలు, చక్కెర కర్మాగారం ఉన్న ఉయ్యూరు ప్రాంతంలో నీరసించిన మనిషికి పెట్టేది తీపే. నోరు పూసి కారం తినలేని రోగికి ఇంటివాళ్లు బెల్లం జావ, పంచదార పాలు, పళ్లరసం గంటగంటకూ పడతారు. బరువు తగ్గకూడదు, నిజమే. కానీ దంతాలకు ఇంతకంటే చెడ్డ తిండి లేదు. ఉప్పు వేసిన జావ, మెత్తటి పప్పన్నం, గుడ్డు మేలు. తీపి తప్పనప్పుడు ఒకేసారి తాగించి, లీటరు నీటిలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించనివ్వాలి. నోరు ఎండుతోందని నిమ్మ బిళ్లలు చప్పరించడం మరీ ప్రమాదం. పంచదార లేని చూయింగ్ గమ్ నమలవచ్చు.

ఇంతా చేసినా పన్ను పుచ్చితే పీకించడానికి తొందరపడకూడదు. కిరణాలు తగిలిన దవడ ఎముకకు రక్తప్రసారం తగ్గుతుంది. పీకిన చోట పుండు మానక, ఎముకే చచ్చిపోవచ్చు. చాలావరకు ఫిల్లింగ్, రూట్ కెనాల్‌తో నెట్టుకురావాలి. మూడు నెలలకోసారి పరీక్ష అవసరం. రేడియేషన్ తీసుకుని ఎన్నేళ్లయినా, పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ మాట ముందుగా చెప్పి, చికిత్స కాగితాలు చూపించాలి.