న్యాట్ విమానపు నమూనా: శిక్షణ విమానమును యుద్ధవిమానముగా మార్చిన విధము

గత సంవత్సరము స్వాతంత్ర్య దినోత్సవమునాడు మా పాఠశాల విజ్ఞానసంఘము ఏర్పరచిన ప్రదర్శనములో ఒక చిన్న జెట్ విమానపు నమూనా ఉండెను. అరచేతిలో ఇముడునంత విమానము. రెక్కలమీద కాషాయ, శ్వేత, హరితవర్ణముల వలయములు. క్రింద అట్టముక్కపై "1965, 1971 యుద్ధములలో పోరిన మన న్యాట్" అని మా చేతివ్రాత. చూడవచ్చిన వారందరును బాగున్నదనిరి. ఒక్కరు మాత్రము వెంటనే ఏమియు అనలేదు. ఆయన మా సహాధ్యాయి ఒకని తాతగారు. 1966లో బెంగుళూరి విమాన కర్మాగారమున చేరి, న్యాట్ రెక్కలకు రివెట్లు కొట్టుటతో ఉద్యోగము మొదలుపెట్టినవారు. కళ్ళద్దములు పైకి నెట్టి, నమూనాను కంటిదాక తెచ్చుకొని, "పని బాగా చేసినారు నాయనా. కాని ఇది మేము కట్టిన న్యాట్ కాదు. దీనికి రెండో సీటెక్కడిది?" అనిరి.

ఆ ఒక్క ప్రశ్నతో మా అట్టముక్కపై వ్రాత అబద్ధమైపోయెను. మేము కొన్నది ఎయిర్‌ఫిక్స్ వారి న్యాట్ టి.1 కిట్టు. అది బ్రిటిషు వాయుసేనవారి శిక్షణ విమానము. పెట్టెమీది బొమ్మలోని ఎర్రరంగు మాని మన వలయములు వేసినచో మన విమానమగునని తలచితిమి. భారత వాయుసేన టి.1ను ఎన్నడును వాడలేదు. ఇది రంగుతో తీరు పొరపాటు కాదు; విమానపు ఆకారమునే మార్చవలయును. మరియొక కిట్టు కొనుటకు సంఘమువద్ద సొమ్ము లేదు. కావున అతికించి రంగువేసిన ఆ నమూనానే మరల రంపముక్రింద పెట్టితిమి. కోత తప్పెనా, ఉన్నదియు పోవును, కావలసినదియు రాదు. ఆ భయముతోనే రెండు వారములు కొలతలతో గడపితిమి.

ఒకే పేరుతో రెండు ఆకారములు ఎట్లు ఏర్పడెనో ముందు తెలియవలయును. 1950 ప్రాంతమున యుద్ధవిమానములు నానాటికి బరువెక్కి, వెల పెరుగుచుండగా, డబ్ల్యు. ఇ. డబ్ల్యు. పెటర్ అను ఆంగ్ల రూపకర్త తేలికయైన చిన్న విమానముతోను ఆ పని నెరవేర్పవచ్చునని వాదించి, ఫాలండ్ సంస్థలో న్యాట్‌ను రూపొందించెను. న్యాట్ అనగా ఒక జాతి చిన్న ఈగ. 1955 జూలై 18వ తేదీన అది తొలిసారి ఎగిరెను. దానిని తయారుచేయు హక్కును మన దేశము 1956లో పొందెను. బెంగుళూరిలో తయారీ సాగెను. బ్రిటిషు వాయుసేనవారు ఒంటియాసనపు యుద్ధవిమానమును తమ దళములలో చేర్చుకొనలేదు గాని, దానినుండి రెండాసనముల శిక్షణ విమానమును చేయించుకొనిరి. అదియే 1959 ఆగస్టు 31న తొలిసారి ఎగిరిన టి.1. రెడ్ ఏరోస్ అను విన్యాసదళమువారు 1965 నుండి 1979 వరకు ఎర్రరంగు వేసి ఎగురవేసినది దీనినే. 1971 డిసెంబరు 14న శ్రీనగరముపై శత్రువిమానములను ఎదిరించి ప్రాణములర్పించి, మన వాయుసేనలో పరమవీరచక్రము పొందిన ఏకైక వీరుడైన నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ నడపినది ఒంటియాసనపు న్యాట్. అట్టి విమానమని వ్రాసి రెండాసనములది వ్రేలాడదీసితిమి!

ఒక్క ఆసనము కలిపినంతనే విమానమంతయు ఏల మారవలయునని కొందరు మమ్ము అడిగిరి. న్యాట్ దేహము మిక్కిలి సన్నము. ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండుటకు చోటులేదు. ఒకరి వెనుక ఒకరు కూర్చుండవలసినదే. అందుచే ముందుభాగము సాగెను. రెండవ మనిషి వచ్చినచోట ఇంధనమునకు స్థలము తగ్గెను. ఆ కొరతను పెద్ద రెక్క తీర్చెను. నేర్చుకొనువాడు మెల్లగా దిగవలయును గదా, దానికిని పెద్ద రెక్కయే అనుకూలము. ముందుభాగము పెరిగినపుడు విమానము అటునిటు తిరుగక నిలుచుటకు తోకకును బలము కావలయును. కావున తోకరెక్కలును పెరిగెను. శిక్షణకు పనిలేని ఫిరంగులు పోయెను. ఆంగ్లేయులు ఒక్కొక్కటిగా కలిపిన ఈ మార్పులను మేము ఒక్కొక్కటిగా విప్పవలసివచ్చెను.

ఈ కిట్టు అసలు విమానములో 72వ వంతు. ఈ నిష్పత్తిలో ఒక సౌకర్యము కలదు: ఆరడుగులు సరిగా ఒక అంగుళమగును. ఆరడుగుల మనిషి అంగుళము బొమ్మయగును. టి.1 రెక్కల కొననుండి కొనకు 24 అడుగులు. అనగా నమూనాలో సరిగా 4 అంగుళములు, సుమారు 101.6 మిల్లీమీటర్లు. యుద్ధవిమానమునకు 22 అడుగులపైన ఒక అంగుళము, నమూనాలో 93.5 మిల్లీమీటర్లు. ఒక్కొక్క ప్రక్క 4 మిల్లీమీటర్లు కోసిన చాలునని మాలో తొందరపాటువాడొకడు కత్తి తీసెను. వానిని ఆపినది రెక్కల వైశాల్యము. టి.1 రెక్కల వైశాల్యము 175 చదరపుటడుగులు; యుద్ధవిమానమునకు 136.6 మాత్రమే. పొడవు నూటికి 8 వంతులే తగ్గగా, వైశాల్యము నూటికి 22 వంతులు తగ్గుచున్నది. అనగా రెక్క వెడల్పుకూడ తగ్గవలయును. వైశాల్యమును పొడవుచే భాగించిన సగటు వెడల్పు వచ్చును: మొదటిదానికి 7.3 అడుగులు, రెండవదానికి 6.2 అడుగులు. 72చే భాగింపగా నమూనాలో సుమారు 31 మిల్లీమీటర్లు 26కు దిగవలయును. కొనలు మాత్రము కోసియుండినచో మొండిరెక్కల వింతజంతువు తయారైయుండెడిది. తరగతిలో వైశాల్యపు లెక్కలు చేయునపుడు ఇవి ఎందుకు పనికివచ్చునని విసుగుకొన్న వారిలో మేమును ఉంటిమని ఒప్పుకొనుచున్నాము.

కొలతలకు ఒక పుస్తకములోని మూడుదిక్కుల చిత్రపటమును 72వ వంతుకు తెచ్చి నకలు తీయించితిమి. ఇచట ఒక హెచ్చరిక: నకలుయంత్రములు పటమును కొంచెము సాగదీయుట కలదు. మా మొదటి నకలులో రెక్కల పొడవు 95 మిల్లీమీటర్లు దాటెను. దానిని నమ్మినచో ప్రతి భాగమును తప్పుగా కోసియుందుము. తెలిసిన కొలత ఒకటి పటముపై సరిచూచుకొనిన పిమ్మటనే తక్కినవి నమ్మవలయును.

మొదటి కోత దేహమునకు. ముందటి ఆసనమునకును గాలిపీల్చు ద్వారములకును నడుమ ఒక వలయము తీసివేయవలయును. దాని వెడల్పు సెంటీమీటరునకు అటునిటుగా ఉండును. సరియైన కొలతను పటములోని ప్రక్కచూపునుండియే తీసికొంటిమి. దేహముచుట్టు అంటుకాగితపు పట్టీని బిగువుగా చుట్టి, దాని అంచున సన్నని రంపము నడపితిమి. పట్టీ లేనిదే కోత వంకర పోవును. రంపము తినివేయు పొట్టుకూడ లెక్కలోనిదే: అది ఒక మిల్లీమీటరులో మూడవవంతైనను, అసలు విమానముమీద సుమారు రెండున్నర సెంటీమీటర్లకు సమానము. కావున గీతకు లోపలివైపున, అనగా పారవేయు ముక్కవైపున కోసి, మిగిలినదానిని ఉప్పుకాగితముతో అరగదీసితిమి. రెండు ముక్కలను చేర్చిచూడగా ముందుదాని చుట్టుకొలత చిన్నది, వెనుకదానిది పెద్దది. ముక్కువైపు దేహము సన్నబడును గదా. ఆ మెట్టును పూడ్చుటకు లోపల ప్లాస్టిక్ పట్టీలు అతికి, పైన లప్పము పెట్టి, ఆరిన పిమ్మట అరగదీసి, మరల పెట్టి, మరల అరగదీసితిమి. ఇట్లు నాలుగు మార్లు. ఈ పనిలో చెప్పదగిన విశేషమేమియు లేదు, ఓపికయే.

రెక్కల పని ఇంతకంటె సున్నితమైనది. అట్టతో యుద్ధవిమానపు రెక్క ఆకారమును కత్తిరించి, దానిని కిట్టు రెక్కపై ఆనించి గీచి, కొనను వెనుక అంచును కోసితిమి. వెనుక అంచు కోసినచోట రెక్క మందముగా, పలకవలె మిగిలెను. అసలు రెక్క వెనుకకు పోనుపోను కత్తివాదరవలె పలుచబడవలయును. పైభాగము ముట్టక, అడుగుభాగమునుండి మాత్రము అరగదీయుచు పలుచన చేసితిమి. తోకరెక్కలనుకూడ ఇట్లే పటముననుసరించి చిన్నవి చేసితిమి.

రెక్కపై గీతల విషయము మాకు తెలియనేలేదు; తాతగారే చెప్పిరి. టి.1లో విమానమును ప్రక్కలకు వాల్చు ఎయిలరాన్లు రెక్క కొనవైపున, దిగునపుడు వంగు ఫ్లాపులు లోపలివైపున వేరువేరుగా ఉండును. యుద్ధవిమానములో ఎయిలరాన్లే లోపలివైపున ఉండి, దిగునపుడు అవియే క్రిందికి వంగి ఫ్లాపుల పనియు చేయును. పెటర్ పొదుపరితనము అట్టిది. ఆయన ఒక్క భాగముచేత రెండు పనులు చేయించెను. చక్రములును అంతే: గాలిలో వేగము తగ్గింపవలసినపుడు వానినే సగము దించి అడ్డుపెట్టుదురు. కావున రెక్క కొనవైపు గీతలను లప్పముతో పూడ్చి, లోపలివైపున సూదితో క్రొత్త గీతలు గీచితిమి.

అన్నిటికంటె మమ్ము ఏడిపించినది పైలటు తలపై అద్దపు కప్పు. ఇద్దరికి సరిపడు కప్పు ఒక్కనికి పనికిరాదు. తెల్ల పొణికి కొయ్యముక్కను, అదియే కొండపల్లి బొమ్మలకు వాడు కొయ్య, క్రొత్త కప్పు ఆకారమునకు చెక్కి నునుపుచేసితిమి. మిఠాయిడబ్బా మూతనుండి తీసిన పారదర్శక ప్లాస్టిక్‌ను ఒక చట్రమునకు బిగించి, మాస్టారుగారు దగ్గరనుండగా, కిటికీలు తెరచి, పొయ్యిసెగపై చూపి, మెత్తబడినంతనే కొయ్య అచ్చుపై నొక్కవలయును. మొదటిది సెగ ఎక్కువై తెల్లబారెను. రెండవది చాలక ముడుతలు పడెను. మూడవది బాగుగా వచ్చెను గాని, అంచు కత్తిరించునపుడు చిట్లెను. దానిని చూచి సంఘ కార్యదర్శి లేచి బయటికి పోయి, పది నిమిషముల తరువాత గాని రాలేదు. అయిదవ కప్పు కుదిరెను.

తరువాత ఫిరంగులు. న్యాట్‌కు 30 మిల్లీమీటర్ల ఏడెన్ ఫిరంగులు రెండు. గాలిద్వారము అంచున, ప్రక్కకొకటి. సూదిని కాల్చి రంధ్రము చేసినచో అంచులు కరగి వికారమగును. చేతితో త్రిప్పు సన్నని బరమాతోనే తొలిచితిమి.

పని ముగిసినదనుకొని చక్రములపై నిలుపగా విమానము తోకపై కూలబడెను. మొదట కట్టినపుడు ముక్కులో పెట్టిన సీసపుగుండు అక్కడనే ఉన్నది గదా, ఇప్పుడేల పడవలయును? కారణము తులాదండపు సూత్రమే. ముక్కును కురచచేసినందున గుండు చక్రములకు దగ్గరయ్యెను. బరువు మారకున్నను దూరము తగ్గినందున దాని పట్టు తగ్గెను. కప్పు ఇంకను అతికింపకుండుట మా అదృష్టము. గాలపు గుండ్లు మరి రెండు లోనికి దూర్చితిమి.

రంగు విషయములో తొలినాళ్ళ న్యాట్ల వెండివన్నెను ఎంచుకొంటిమి. వెండిరంగు క్రింద గీటొక్కటియు దాగదు. రంగు వేసిన పిమ్మట బయటపడిన గీట్లను చూచి రెండుమార్లు తుడిచి మొదలుపెట్టితిమి. వలయములలో కాషాయము వెలుపల, ఆకుపచ్చ నడుమ. దీనిని తలక్రిందుచేయువారు చాలమంది కలరు.

న్యాట్ నుండి అజీత్ చేయవలెననువారికి ఒక మాట. 1975లో ఎగిరిన అజీత్ బెంగుళూరిలోనే న్యాట్‌నుండి పుట్టినది; 1991 వరకు వాయుసేనలో ఉండెను. దాని రెక్కలోపలనే ఇంధనము నింపిరి. అందుచే రెక్కలక్రింద ఇంధనపు పీపాలు తగిలించుకొను అవసరము తీరి, నాలుగు కొక్కెములును ఆయుధములకు మిగిలెను. నమూనాలో ఆ నాలుగు కొక్కెములు చేర్చుట ఒక సాయంకాలపు పని. లోపల జరిగిన మార్పు పెద్దది, పైకి కనబడునది చిన్నది, టి.1 కథకు ఇది సరిగా విపర్యయము.

పోయిన ఆదివారము నమూనాను తాతగారి ఇంటికి తీసికొనిపోతిమి. ఆయన దీపముక్రింద చాలసేపు త్రిప్పిచూచి, రెక్క మొదట వ్రేలుపెట్టి రాచి, "ఆఁ, ఇది మాది" అనిరి. మేము పొంగిపోవునంతలో చక్రములవైపు చూపి, "చక్రాలు దించినారు, ఎయిలరాన్లు ఎందుకు వంచలేదు? చక్రాలు దిగితే అవీ దిగాలి గదా!" అనిరి. ఆ రెండు గీతలవెంబడి కోసి, ఎయిలరాన్లను క్రిందికి వంచి మరల అతికించు పని ఈ వారము జరుగుచున్నది.