పలుగురాతి ధూళియు తెల్లకణములును

ధర్మవరమునకు పడమటను, పెనుకొండకు ఉత్తరమునను ఉన్న రామగిరి ప్రాంతమున బంగారము పలుగురాతి చారలలో కంటికి కానరాని రేణువులుగా ఇమిడియుండును. ప్రాచీనులు త్రవ్వి విడిచిన గోతుల జాడ పట్టుకొని ఇరువదవ శతాబ్ది తొలి పాదమున ఆంగ్ల సంస్థలు అచట గనులు దింపెను. వారు వెడలిపోయిన చిరకాలమునకు భారత్ గోల్డ్ మైన్స్ వారు యెప్పమాన గనిని నడపి, 2001 నాటికి దానిని గూడ మూసివేసిరి. ఏ కాలమువారైనను, పిసరంత బంగారమునకై బండ్లకొలది పలుగురాతిని తొలిచి, పగులగొట్టి, పిండిచేయక తప్పినది కాదు. ఆ పిండి దాదాపుగా అంతయు సిలికా. అందలి అతిసూక్ష్మభాగము ఊపిరితో లోనికి పోయి, ఊపిరితిత్తులను మచ్చలుగట్టించి సిలికోసిస్ అను వ్యాధిని కలిగించునని గని వైద్యులకు చిరకాలముగా తెలియును. అయితే అదే ధూళికి మరియొక వ్యాధితో, ముక్కు మొదలుకొని మూత్రపిండముల వరకు చిన్న రక్తనాళములను చెఱచు శోథముతో, సంబంధము కలదని తెలిసినది గడచిన కొన్ని దశకములలోనే. సిలికాను పీల్చువారిలో ఈ వ్యాధి ఇతరులయందుకంటె రెండు మూడు రెట్లు అధికముగా కనబడుచున్నదని పాశ్చాత్య దేశముల పరిశీలనలు పెక్కు చెప్పుచున్నవి. రాతిధూళికిని మూత్రపిండమునకును నడుమ నిలిచి ఈ అనర్థమును నడిపించునది మన రక్తములోని తెల్లకణమే యనుట ఈ వ్యాసమునకు విషయము.

తెల్లకణములలో న్యూట్రోఫిలు అనునది అత్యధికసంఖ్యాకము; మొత్తములో సగమునకు పైగా, ఒక్కొక్కప్పుడు డెబ్బదివంతుల వరకు ఇదియే. వయస్సు వచ్చిన మనుష్యుని ఎముకల మూలుగ దినమునకు సుమారు పదివేల కోట్ల న్యూట్రోఫిలులను పుట్టించుచున్నదన్నచో, ఒక్కొక్కదాని ఆయుర్దాయ మెంత స్వల్పమో ఊహింపవచ్చును. సూక్ష్మజీవులు చొరబడిన తావునకు మొదట పరువెత్తునది ఇదే. వానిని మ్రింగి చంపుటకు కావలసిన ద్రవ్యములు దీని గర్భమున చిన్న చిన్న రేణుకోశములలో భద్రపరుపబడి యుండును. అందు రెండు మనకు ముఖ్యములు. ఒకటి మైలోపెరాక్సిడేజు, చీమునకు ఆకుపచ్చ చాయ నిచ్చునది ఇదే, బట్టల చలువకు వాడు బ్లీచింగు ద్రవములోని ఆమ్లమువంటిదానినే కణములో తయారుచేయునదియు ఇదే. రెండవది ప్రోటీనేజు-3, మాంసకృత్తులను కోసివేయు ఎంజైము. సూక్ష్మజీవికి మృత్యువైన ఈ ద్రవ్యములు సొంత శరీరమునకును హాని చేయగలవి గనుకనే ప్రకృతి వానిని అంత లోతున దాచినది.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున పాల్ ఎర్లిక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, శరీరము తనపై తానే విషము ప్రయోగించుకొనుట జరుగరాని పని యని భావించెను. కాలక్రమమున ఆ భావము నిలువలేదు. 1982లో ఆస్ట్రేలియా వైద్యులు తీవ్రమైన మూత్రపిండశోథముతో బాధపడుచున్న ఎనమండుగురి రక్తమున, న్యూట్రోఫిలుల అంతర్ద్రవ్యమునకు అంటుకొను యాంటీబాడీలను, అనగా ప్రతిరక్షకములను, కనుగొనిరి. 1985లో హాలండు, డెన్మార్కు వైద్యులు వీనికిని, నాడు వెగ్నర్ వ్యాధి యనబడుచుండిన రక్తనాళశోథమునకును గల సంబంధమును స్థిరపరచిరి. 1988లో అమెరికాలోని నార్త్ కరోలినాయందు ఫాక్, జెనెట్ అను వైద్యులు ఈ ప్రతిరక్షకములలో ఒక తెగకు గురి మైలోపెరాక్సిడేజే యని తేల్చిరి. రెండవ తెగకు గురి ప్రోటీనేజు-3 అని అనతికాలముననే తెలిసినది. నేడు వైద్యులు ఈ రెంటిని కలిపి ‘ఆంకా’ అని వ్యవహరించుచున్నారు. ఇందొక విచిత్రము కలదు. పరీక్షకై గాజుపలకపై న్యూట్రోఫిలులను ఆల్కహాలుతో స్థిరపరచునపుడు మైలోపెరాక్సిడేజు తన స్థానము వీడి కేంద్రకము చుట్టును చేరును. ప్రోటీనేజు-3 కణమంతట వ్యాపించియే యుండును. కేంద్రకము చుట్టును కనబడు ఆ వెలుగు ఆల్కహాలు కల్పించిన మాయయే యైనను, ఆ మాయయే రెండు తెగలను వేరుపరచుటకు ఏండ్ల తరబడి తోడ్పడినది!

ఇక అసలు చిక్కు. గురి కణగర్భమున దాగియుండగా, రక్తమున తిరుగు ప్రతిరక్షకము దానిని ఎట్లు తాకగలదు? మామూలుగా తాకలేదు. ఆరోగ్యవంతుల రక్తమున సైతము ఈ ప్రతిరక్షకములు స్వల్పముగా ఉండుటయు, వారికి ఏ బాధయు లేకుండుటయు ఇందుకు నిదర్శనము. గనులలో పేలుడుమందును ఒక కొట్టునను, డిటోనేటర్లను వేరొక కొట్టునను దాచుట నియమము. ఇచటను అట్టి యెడబాటే రక్షణ. ఒక అంటువ్యాధియో, మరియొక శోథమో సంభవించి, శరీరము సంకేతద్రవ్యములను వెదజల్లినపుడు న్యూట్రోఫిలు సన్నద్ధమై, తన గర్భములోని ద్రవ్యమును కొంత ఉపరితలమునకు తెచ్చుకొనును. అపుడు ప్రతిరక్షకము తన కొనలతో ఆ ద్రవ్యమును, తోకతో కణముపైనున్న గ్రాహకమును పట్టుకొనును. కణమునకు అది యుద్ధాజ్ఞ వంటిది. రక్తనాళమును దాటి సూక్ష్మజీవియున్న తావున చేయవలసిన పనిని అది నాళపు గోడకు అంటుకొని అచటనే చేయును. గోడ చిల్లులు పడును. మూత్రపిండములలో రక్తమును వడకట్టు కేశనాళికల ముడులును, ఊపిరితిత్తులలో వాయుకోశముల చుట్టునున్న సన్నని నాళికలును మొదట బలియగుట అందువలననే.

ఇది అంతతో ఆగదు. రెచ్చిన న్యూట్రోఫిలు రక్తములోని కాంప్లిమెంటు అను మాంసకృత్తుల శ్రేణిని మేల్కొలుపును. ఆ శ్రేణినుండి పుట్టు సి-5-ఏ అను ముక్క మరికొన్ని న్యూట్రోఫిలులను పిలిచి సన్నద్ధపరచును. చచ్చుచున్న కణములు తమ డి.ఎన్.ఏ. పోగులను వలలవలె బయటికి విసరుటయు, ఆ వలలకు ఆ రెండు ఎంజైములే అంటియుండి రోగనిరోధక వ్యవస్థకు మరల మరల ప్రదర్శితమగుటయు, మరిన్ని ప్రతిరక్షకములు పుట్టుటకు హేతువు కావచ్చునని నేటి శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. 2002లో జరిగిన ఎలుకల ప్రయోగము ఈ కథకు సాక్ష్యము. మైలోపెరాక్సిడేజు పుట్టుకతోనే లేని ఎలుకలకు ఆ ద్రవ్యమును ఎక్కింపగా, వాని శరీరము దానిని పరాయిదిగా నెంచి ప్రతిరక్షకములను తయారుచేసినది. ఆ ప్రతిరక్షకములను మామూలు ఎలుకలలోనికి పంపినంతనే కొలది దినములలో వాని మూత్రపిండములు శోథించినవి. న్యూట్రోఫిలులను తొలగించినను, కాంప్లిమెంటును నిర్వీర్యము చేసినను ఆ వ్యాధి రాలేదని తరువాతి ప్రయోగములు తెలిపినవి. ఒంటరిగా ఉన్న ప్రతిరక్షకము నిరపరాధి యని ఇంతకంటె స్పష్టముగా చెప్పుట కష్టము.

సిలికా ప్రవేశించునది ఈ సన్నాహఘట్టముననే కావచ్చును. ఊపిరితిత్తులలోని భక్షకకణములు ఆ రేణువును మ్రింగునే గాని జీర్ణింపజాలవు. అది వాని జీర్ణకోశములను చీల్చి, శోథసంకేతములను బయల్పరచును. న్యూట్రోఫిలులు గుంపులుగా వచ్చి, అచటనే చచ్చి, తమ రహస్యద్రవ్యములను చిందించును. ఏండ్ల తరబడి దినదినమును ఇది జరుగువానికి, ఎన్నడును జరుగనివానికి భేదము లేకుండునా? 1995లో జపానులోని కోబే నగరము భూకంపమునకు కూలి ధూళిమయమైన పిమ్మట, మైలోపెరాక్సిడేజుపై ప్రతిరక్షకములు గల రక్తనాళశోథము ఆ ప్రాంతమున పెరిగెనని అచటి వైద్యులు ప్రకటించిరి. ధూళి ఒక్కటే కారణమని కాదు. జన్యువులును, అంటువ్యాధులును, థైరాయిడునకు వాడు ప్రొపైల్ థయోయురాసిల్ వంటి మందులును కొందరిలో ఇదే పని చేయును. అయినను రాతిపనివారికి ఛాతీ ఎక్స్‌రే తీయించు వైద్యుడు, దానితోపాటు మూత్రపరీక్ష గూడ చేయించుట మంచిదని నా అభిప్రాయము. అది చౌకయైనది, ఈ వ్యాధిలో మూత్రపిండము చెడుచున్నను సాధారణముగా నొప్పి తెలియదు.

మన దేశమున ఈ వ్యాధి క్షయ వేషమున తిరుగుచుండును. దగ్గు, జ్వరము, కఫములో రక్తము, ఎక్స్‌రేలో గుహలవంటి మచ్చలు: ఇవి చూచి వైద్యుడు ముందు క్షయను తలంచుట దోషము కాదు, క్షయ విస్తారముగానున్న దేశమున అదియే యుక్తము. కఫమున క్షయక్రిమి కానరాక, మందులు మ్రింగినను గుణము లేక, ముక్కులో పక్కులు గట్టి రక్తము కారుచు, కాళ్లపై ఎర్రని మచ్చలు లేచి, మూత్రమున రక్తకణములు కనబడినచో మాత్రము ఆంకా పరీక్షకు ఆలస్యము చేయరాదు. వారములలో మూత్రపిండములు పూర్తిగా చెడుట కలదు.

1958లో ఒక ఆంగ్ల వైద్యుడు లెక్కగట్టినప్పుడు వెగ్నర్ వ్యాధిగ్రస్తులు చికిత్స లేనిచో సగటున ఐదు నెలలు మాత్రమే జీవించుచుండిరి. 1970 దశకమున స్టెరాయిడుతోపాటు సైక్లోఫాస్ఫమైడు వాడుటతో దశ మారినది. భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నేతృత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన ఫోలిక్ ఆమ్లవిరోధుల వర్గమునకు చెందిన మెథోట్రెక్సేటు, మూత్రపిండములకు సోకని తేలికపాటి వ్యాధికి నేడును పనికివచ్చుచున్నది. ప్రతిరక్షకములకు మూలమైన బి-లింఫోసైటులను తొలగించు రిటుక్సిమాబు 2010 నాటి పరీక్షలలో సైక్లోఫాస్ఫమైడునకు తీసిపోలేదు. సి-5-ఏ గ్రాహకమును మూసివేయు అవకోపాను 2021లో అమెరికాలో అనుమతి పొందినది. ఎలుకలు నేర్పిన పాఠము ఇట్లు మాత్రగా మారినది. రక్తమునుండి ప్రతిరక్షకములను యంత్రముతో తొలగించు ప్లాస్మా మార్పిడి మాత్రము, ఏడువందలమందికి పైగా రోగులపై జరిగి 2020లో వెల్లడియైన పెద్ద పరీక్షయందు, మరణములను గాని మూత్రపిండనష్టమును గాని చెప్పుకోదగినంత తగ్గింపలేకపోయినది. రోగము శాంతించిన పిమ్మట గూడ కొందరి రక్తమున ఆంకా ఏండ్ల తరబడి నిలిచియే యుండును. అందుచేత అనుభవజ్ఞులైన వైద్యులు ఆ అంకె పెరిగినంత మాత్రమున మందు పెంచక, మూత్రమును, క్రియాటినినును, రోగి లక్షణములను చూచియే నిర్ణయింతురు.