గడువిచ్చు వ్యాధి

మనుష్యుని కబళించు వ్యాధులలో పెక్కు హఠాత్తుగా వచ్చి పైబడునవి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అట్టిది కాదు. హ్యూమన్ పాపిలోమా వైరస్ అను సూక్ష్మజీవి లైంగిక సంపర్కమువలన శరీరమున ప్రవేశించి, అత్యధికసంఖ్యాకులలో ఒకటి రెండేండ్లలోపల తనంతట తానే అణగిపోవును. ఏ కొందరిలోనో అణగక నిలిచి, గర్భాశయ ముఖమందలి కణములను మెల్లమెల్లగా వికృతమొనర్చి, సాధారణముగా పదునైదు ఇరువదియేండ్లకు గాని క్యాన్సర్‌గా పరిణమింపదు. సంసారము చేయు స్త్రీపురుషులలో అధికభాగమునకు జీవితమున ఎప్పుడో ఒకప్పుడు సోకెడి ఈ వైరస్‌ను శీలముతో ముడిపెట్టుట అజ్ఞానము మాత్రమే కాదు, ప్రాణాంతకమైన క్రౌర్యము. ఇంతటి గడువునిచ్చు ఈ వ్యాధిచేతనే 2022లో మన దేశమున సుమారు 1,27,000 మంది స్త్రీలు క్రొత్తగా పీడితులైరనియు, దాదాపు 80,000 మంది మరణించిరనియు అంతర్జాతీయ అంచనాలు తెలుపుచున్నవి.

దీనిని ముందుగా కనిపెట్టు పరీక్ష ఎంత స్వల్పమైనదో మన ఇండ్లలో తెలిసినవారు తక్కువ. స్త్రీ బల్లపై పరుండగా నర్సు స్పెక్యులమ్ అమర్చి, దీపపు వెలుగున గర్భాశయ ముఖమును చూచి, వెనిగర్‌లో నుండెడి ఎసిటిక్ ఆమ్లమునే నీళ్లలో పలుచన చేసి, దూదితో అద్ది, ఒక నిమిషము ఆగును. కణములు ఆరోగ్యముగా నున్నచో ఆ లేతగులాబి వన్నె మారదు. వికృతి మొదలైనచో ఆ చోట చిక్కని తెల్లమచ్చ తేలును. ఇంకను ముదరని మచ్చను అతిశీతలముచేతనో వేడిమిచేతనో అక్కడికక్కడే నశింపజేయవచ్చును. కడుపు కోయనక్కరలేదు, గర్భసంచి తీయనక్కరలేదు. ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు 1998 మొదలు మురికివాడలలో, పదవతరగతి చదివిన స్త్రీలకే ఈ పరీక్ష నేర్పి ఏండ్ల తరబడి చేయింపగా, ఈ వ్యాధివలని మరణములు దాదాపు మూడవవంతు తగ్గినట్లు 2013లో వెల్లడియైనది. మహారాష్ట్రలోని ఉస్మానాబాదు పల్లెలలో వైరస్‌ను పసిగట్టు పరీక్షను జీవితమున ఒక్కమారు చేసినంతనే మరణములు సుమారు సగమునకు తగ్గినవి.

అయినను 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30–49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారియైన చేయించుకొన్నవారు దేశమంతటను నూటికి ఇద్దరైన లేరు. పరీక్ష చేరని పల్లెలకు భయము మాత్రము చేరినది. “తెల్లబట్ట అవుతోందని పోతే, సంచి పాడైంది, తీయించుకోకపోతే క్యాన్సరు వస్తుందన్నారమ్మా” అను మాట తెలుగు పల్లెలలో క్రొత్తది కాదు. 2015–16 సర్వే నాటికి 15–49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి సుమారు ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఏడుగురికి మించియుండిరి. ఆ శస్త్రచికిత్సలకు కారణములు పెక్కు, వానిలో అవసరమైనవియు నుండును. కాని ముప్పదియైదేండ్లయినను నిండని కూలి తల్లి, నిమిషములలో ముగియు పరీక్ష యొకటి కలదని ఎన్నడును వినక, క్యాన్సర్ పేరు మాత్రము విని, అప్పు చేసి గర్భసంచి తీయించుకొనుట నాకు ఈ మొత్తము విషయమున మిక్కిలి దుఃఖము కలిగించునది.

చెప్పక చేసిన మేలు సైతము ఎట్లు బెడిసికొట్టునో ఖమ్మం జిల్లా చూచినది. 2009లో అచ్చట పది మొదలు పదునాలుగేండ్ల బాలికలు వేలమందికి ఈ వైరస్‌ను అడ్డగించు టీకాను ఒక అధ్యయనములో భాగముగా వేసిరి. కొందరు బాలికలు మరణింపగా 2010లో ఆ కార్యక్రమమును నిలిపివేసిరి. ఆ మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలినది వేరొకటి: ఆశ్రమపాఠశాలలలో పెక్కుచోట్ల తల్లిదండ్రులకు మారుగా హాస్టలు వార్డెన్లు అంగీకారపత్రములపై సంతకము చేసిరి. గిరిజన గూడెములోని తల్లిని అడుగకపోవుట ఆమెకు జరిగిన అన్యాయము. దానివలన జనించిన అనుమానము టీకాకును జరిగిన అన్యాయము. ఆమెకు అర్థముకాదని తలచినవారు ఆమెకు అర్థమగునట్లు చెప్పుటకు ఎంత యత్నించిరో నే నెఱుగను గాని, సంతకమొకటి చాలునని తలచినట్లు ఆ పత్రములే చెప్పుచున్నవి.

టీకాను శంకింప పనిలేదు. ఈ క్యాన్సర్‌కు మూలము పాపిలోమా వైరస్ అని నిరూపించిన జర్మను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమానము లభించినది. ఆ వైరస్‌లో 16, 18 సంఖ్యల రకములే నూటికి సుమారు 70 క్యాన్సర్లకు కారణములు. టీకా వానిని అడ్డగించును. పుణె సీరం సంస్థ వారి ‘సెర్వావాక్’ అను టీకా 2022లో అనుమతి పొందినది. స్కాట్లండులో పండ్రెండు పదమూడేండ్ల ప్రాయమున టీకా పొందిన యువతులలో ఈ క్యాన్సర్ ఒక్కరికైనను కనబడలేదని 2024లో ప్రకటితమైనది. తొమ్మిది మొదలు పదునాలుగేండ్ల లోపల వేయించుట ఉత్తమము.

అయితే టీకా అన్ని రకములను ఆపదు గనుక పరీక్ష మానరాదు. ముప్పది దాటిన స్త్రీకి అది తప్పనిసరి. ముట్టు ఆగిపోయిన పిదప మరల రక్తము కనబడినను, సంపర్కానంతరము రక్తము పడినను, దుర్వాసనతో తెల్లబట్టయైనను ఆలస్యము తగదు. బిడ్డకు టీకా వేయింప వచ్చిన తల్లిని నర్సు “నీకు పరీక్ష ఎప్పుడు చేశారమ్మా?” అని అడిగి, ఏమి చేయబోవునో విడమరచి చెప్పి, ఆమె సరేనన్నచో ఆ పూటనే తెర చాటునకు తోడ్కొనిపోవు ఏర్పాటు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునను వెంటనే కలుగవలెను.