పదమూడు రూపాయల టికెట్టు

పొద్దున మొదటి ట్రిప్పు. క్యాష్ బ్యాగు దాదాపు ఖాళీ. ఎక్కినవాళ్లలో ఎక్కువమంది చేతుల్లో వంద నోట్లు. అప్పట్లో టికెట్టు పదమూడు రూపాయలు. ఒక్కొక్కరికి ఎనభై ఏడు తిరిగివ్వాలి. ఇద్దరికో ముగ్గురికో ఇవ్వగలం. నాలుగో మనిషి దగ్గరికి వచ్చేసరికి పది నోట్లు అయిపోతాయి. రూపాయి, రెండు రూపాయల బిళ్లలైతే మొదటి నుంచే ఉండవు. ఇక అక్కడి నుంచి మాటా మాటా పెరుగుతుంది.

నల్లగొండ నుంచి కనగల్, గుర్రంపోడు మీదుగా దేవరకొండ పోయే పల్లెవెలుగు బస్సులో నా కండక్టర్ ఉద్యోగంలో ఎక్కువ కాలం గడిచింది. ఇప్పుడు రిటైరయ్యాను. ‘రెండు రూపాయలు మింగుతరు’ అని కండక్టర్లను అనడం విన్నప్పుడల్లా ఆ పదమూడు ఎక్కడి నుంచి వచ్చిందో కూర్చోబెట్టి చెప్పాలనిపించేది. ఇప్పుడు చెబుతున్నాను.

బస్సు చార్జీకి మూలం కిలోమీటరు రేటు. 2019 డిసెంబరులో తెలంగాణలో చార్జీలు పెంచినప్పుడు పల్లెవెలుగు రేటు కిలోమీటరుకు 63 పైసల నుంచి 83 పైసలైంది. కనీస చార్జీ 5 నుంచి 10 రూపాయలైంది. ఆ 83 పైసలను పదిహేను కిలోమీటర్లతో గుణించి చూడండి: 12 రూపాయల 45 పైసలు. దాని మీద సెస్సులు పడతాయి. ఆ తర్వాత 2022 ఏప్రిల్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పల్లెవెలుగు టికెట్టు మీద 2 రూపాయల డీజిల్ సెస్సు వేశారు. దారిలో టోల్‌గేటు ఉంటే అదొకటి. రేటు వేసేవాళ్ల లెక్క న్యాయంగానే ఉంటుంది, ఎంత దూరమో అంత డబ్బు. కానీ ఆ లెక్కలో వచ్చే పన్నెండు, పదిహేడు, ఇరవై మూడు లాంటి అంకెలు కాగితం మీద బాగానే ఉంటాయి. కదిలే బస్సులో, నిలబడ్డ జనం మధ్య అవే గొడవకు కారణం.

దానికి మేం కనిపెట్టుకున్న ఉపాయాలు తెలుగువాళ్లందరికీ తెలుసు. టికెట్టు వెనక పెన్నుతో ‘87’ అని రాసి గీత గీసి ఇవ్వడం ఒకటి. ఇద్దరికి కలిపి ఒకే నోటు ఇవ్వడం మరొకటి. “మీ ఇద్దరికి కలిపి యాభై ఇస్తున్న, దిగినంక పంచుకోండ్రి” అనేదాన్ని. అలా అనేముందు “ఎక్కడ దిగుతరు సారూ?” అని ఇద్దరినీ అడగాలి. ఒకరు గుర్రంపోడులో, ఒకరు మల్లేపల్లిలో దిగితే ఆ నోటు ఎవరి చేతిలో ఉండాలన్నది ఇంకో తగువు. ఒకే ఊళ్లో దిగితే మాత్రం ముక్కూమొహం తెలియని ఇద్దరు హోటల్‌కు పోయి, చెరొక టీ తాగి, నోటు చిల్లర చేయించుకొని పంచుకునేవాళ్లు. అలా పరిచయమై ఆ తర్వాత ఒకే సీట్లో కూర్చొని పోయినవాళ్లను చూశాను.

తిరిగివ్వని చిల్లర కండక్టర్ ఇంటికి పోతుందనుకుంటారు. మా లెక్క అలా ఉండదు. ప్రతి స్టేజీ దగ్గరా ఎన్ని టికెట్లు తెగాయో నమోదవుతుంది. ఇదివరకు ఎస్సార్ కాగితం మీద చేత్తో రాసేవాళ్లం, తర్వాత టికెట్లు కొట్టే టిమ్ మిషన్ వచ్చింది. సంచిలో డబ్బు ఆ లెక్కకు తక్కువైతే మా జేబులోంచి కట్టాలి. ఎక్కువుంటే చెకింగ్ వాళ్లకు సంజాయిషీ చెప్పుకోవాలి. చిల్లర కోసం మరీ ఇబ్బందైన రోజుల్లో బస్టాండు దగ్గరి ఓ కొట్టులో వంద నోటు ఇచ్చి తొంభై రూపాయల బిళ్లలు తీసుకున్నాను. ఆ పది మాకెవరూ ఇవ్వరు. తోటి కండక్టర్లు చాలామంది ఇలా కొన్నవాళ్లే.

బస్సులోకి చిల్లర తెచ్చేవాళ్లు ఎవరో తెలుసా? ఆడవాళ్లు. పొద్దున్నే కూరగాయల గంపలతో, పెరుగు కుండలతో ఎక్కేవాళ్లు తిరుగు ట్రిప్పులో కొంగు ముడి విప్పి బిళ్లలు లెక్కపెట్టి ఇచ్చేవాళ్లు. “చిల్లర నీ కోసమే దాచిన బిడ్డా” అనేది ఓ అవ్వ. మధ్యాహ్నం నుంచి నా సంచి నిండేది వాళ్ల వల్లే. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక వాళ్లకు జీరో టికెట్టు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో అదే వచ్చింది. ఆ అవ్వ పైసా లేకుండా దవాఖానకు పోయి వస్తోంది, అంతకంటే కావలసిందేముంది! కానీ ఆ పథకం వచ్చిన తర్వాత నేను డ్యూటీ చేసిన కొన్నాళ్లలో చూశాను: నోట్లు ఇచ్చే మగవాళ్లు మిగిలారు, బిళ్లలు ఇచ్చే ఆడవాళ్ల నుంచి చిల్లర ఆగిపోయింది.

బిళ్లలు దేశంలో తక్కువగా లేవు. వాటిని ముద్రించే నాలుగు టంకశాలల్లో ఒకటి మన హైదరాబాద్ చర్లపల్లిలోనే ఉంది. మీ దగ్గరున్న రూపాయి బిళ్ల మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్‌లో తయారైందే. ఎటొచ్చీ తయారైన బిళ్లలు చేతులు మారడం లేదు. పది రూపాయల బిళ్లనే తీసుకోండి. అది 2009లో చలామణిలోకి వచ్చింది. దాని మీద గీతలు పది ఉంటే అసలుది, పదిహేను ఉంటే దొంగది అని ఎవరో పుట్టించిన మాట పట్టుకొని మన ఊళ్లలో ఏళ్ల తరబడి దాన్ని ముట్టలేదు. పద్నాలుగు నమూనాలున్నాయి, అన్నీ చెల్లుతాయి అని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించింది. అనుమానం ఉన్నవాళ్ల కోసం 14440 నంబరు కూడా పెట్టింది. అయినా నేను చిల్లరగా ఇచ్చిన పది బిళ్లను “ఇది మా ఊళ్లె నడవదు, నోటియ్యి” అని వెనక్కి ఇచ్చినవాళ్లు ఎందరో. ఆ బిళ్ల నడిచి ఉంటే మా గొడవల్లో సగం ఉండేవి కావు.

2022 మార్చిలో తెలంగాణ ఆర్టీసీ చిల్లర సమస్య కోసమే పల్లెవెలుగు చార్జీలను ఐదుల్లోకి మార్చింది. 12 రూపాయలది 10 అయింది. 13, 14 రూపాయలవి 15 అయ్యాయి. 80 కిలోమీటర్ల దూరానికి 67 ఉన్నది 65 అయింది. కండక్టర్‌గా నాకు ప్రాణం లేచివచ్చింది. కానీ లెక్క చూడండి. పదమూడు రూపాయల ఊరివాడు రానూపోనూ నాలుగు రూపాయలు ఎక్కువ కడతాడు. నెలకు పాతిక రోజులు పనికి పోతే వంద రూపాయలు. ఒక స్టేజీ ముందు ఎక్కే పన్నెండు రూపాయల మనిషికి అంతే మిగులుతుంది. ఒకే బస్సు, ఒకే దారి, పక్కపక్క ఊళ్లు. 2025 అక్టోబరులో హైదరాబాద్ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ చార్జీలు పెంచినప్పుడు పెంపు కూడా మొదటి మూడు స్టేజీలకు 5, నాలుగో స్టేజీ నుంచి 10 చొప్పున వచ్చింది. చిల్లర లేకపోవడం వల్ల చార్జీ ఇప్పుడు రూపాయి పెరగదు, పెరిగితే ఐదు పెరుగుతుంది. దీని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు.

అదే ఏడాది హైదరాబాద్ మెట్రో రైలు దీనికి ఎదురు దారిలో పోయింది. 2025 మే నెలలో టికెట్లు పెంచి, విమర్శలు రాగానే కొంత తగ్గించింది. దాంతో 11, 17, 28, 37, 47 లాంటి ధరలు వచ్చాయి. కార్డు, ఫోను ఉన్నవాళ్లకు పదకొండైనా పదిహేడైనా ఒకటే. కౌంటర్ దగ్గర నోటు ఇచ్చేవాళ్లకు మళ్లీ మా పల్లెవెలుగు కథే.

ఇప్పుడు ఆర్టీసీ బస్సుల్లోకీ ఫోన్‌తో డబ్బు కట్టే కొత్త మిషన్లు వస్తున్నాయి. మంచిదే. చదువుకునే పిల్లలు స్కాన్ చేసి హాయిగా పోతారు. కానీ బటన్ల ఫోను పట్టుకొని అడ్డా కూలీకి పోయే మనిషికి, సిగ్నల్ అందని ఊరికి ఇంకా నోటూ బిళ్లే గతి. చార్జీ నిర్ణయించేటప్పుడు ముందు గుర్తుకు రావలసింది ఆ మనిషే.

అందుకే నేను అడిగేది ఇది. ఈసారి చార్జీలు సవరించేటప్పుడు పైసల లెక్క వేసి తర్వాత సర్దడం కాకుండా, మొదటి నుంచే స్టేజీల వారీగా ఐదుల్లో వేయండి. రోజూ పనికి పోయే దగ్గరి దూరాలకు కిందికి సర్దండి. ఆ తేడా దూరపు టికెట్ల మీద రాబట్టుకోండి. అక్కడ ఐదు రూపాయలు అంత భారం కాదు. ఏ స్టేజీకి ఎంతో పట్టిక బస్సులోనే అంటించండి. డిపోలో డ్యూటీ ఎక్కే కండక్టర్‌కు బ్యాంకు నుంచి తెప్పించిన బిళ్లల పొట్లం చేతికివ్వండి.

అది జరిగేదాకా ప్రయాణికులకు ఒక మనవి. ఎక్కగానే ఊరి పేరుతో పాటు మీ దగ్గరున్న చిల్లర కూడా చెప్పండి. పది రూపాయల బిళ్ల ఇస్తే తీసుకోండి. టికెట్టు వెనక అంకె రాసిస్తే, దిగేచోటికి ఒక స్టేజీ ముందే అడగండి. బస్సు ఆగాక అందరూ ఒకేసారి మీద పడితే ఏ కండక్టరూ లెక్క సరిగ్గా ఇవ్వలేడు.