అలంకరణ వద్దంటే మొండితనమేనా?

పెళ్ళి అయినా, ఓణీల వేడుక అయినా, క్రిస్మస్ అయినా రొంపిచెర్ల చుట్టుపక్కల ఊళ్ళలో ఆడపిల్లకు పౌడరు, కాటుక, పూలజడ ఉండాల్సిందే. కొందరు అమ్మాయిలు మాత్రం పౌడరు డబ్బా చూడగానే ముఖం తిప్పుకుంటారు. కాటుక పెట్టబోతే ఏడుస్తారు. "మొండిపిల్ల" అని ఇంట్లోవాళ్ళు కసురుతారు. చాలామంది విషయంలో ఇది ఇష్టాయిష్టాల సంగతే. కాని ఆటిజం ఉన్నవారి విషయంలో వేరే కారణం ఉండవచ్చు.

ఆటిజం అంటువ్యాధి కాదు, పెంపకంలో లోపం వల్ల వచ్చేదీ కాదు. మెదడు ఎదుగుదలలో చిన్ననాటి నుంచే ఉండే తేడా. నలుగురితో మెలగటం వీరికి కష్టమవుతుంది. అలవాటైన పద్ధతి మారితే కలవరపడతారు. స్పర్శ, వాసన, వెలుతురు, శబ్దం కొందరికి మరీ ఎక్కువగా, కొందరికి మరీ తక్కువగా తెలుస్తాయి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన వ్యాధినిర్ధారణ గ్రంథంలో ఈ లక్షణాన్ని కూడా చేర్చింది.

అందువల్ల మనకు మెత్తగా అనిపించే పౌడరు వారికి ఇసుక రాసినట్టు ఉండవచ్చు. లిప్‌స్టిక్ జిడ్డు, మల్లెపూల ఘాటు, జడపిన్నులు, స్టిక్కరు బొట్టు జిగురు గంటల తరబడి బాధించవచ్చు. కాసేపటికి మనం వాటిని మరచిపోతాం. వారు మరచిపోలేరు.

అలంకరణను ఎంతో ఇష్టపడేవారు కూడా వీరిలో ఉన్నారు. రోజూ ఒకే వరుసలో, ఒకే రంగుతో ముస్తాబవటం వారికి నెమ్మదినిస్తుంది. మరికొందరు తమ తేడా బయటపడకుండా తోటివారిని చూసి అలాగే తయారవుతారు, అలాగే మాట్లాడతారు. దీనిని వైద్యులు మాస్కింగ్ అంటారు, అంటే ముసుగు వేసుకోవటం. సాయంత్రానికి వారు పూర్తిగా అలసిపోతారు. ఆడపిల్లల్లో ఆటిజం ఆలస్యంగా బయటపడటానికి ఇదొక కారణం. పైగా 1943లో డాక్టర్ లియో కానర్ వివరించిన 11 మంది పిల్లల్లో 8 మంది మగపిల్లలే. ఇది మగపిల్లల సమస్య అనే అభిప్రాయం చాలాకాలం నిలిచిపోయింది.

ఇంట్లో ఏం చేయాలి?

1. ఏది బాధిస్తోందో అడగండి. మాటల్లో చెప్పలేకపోతే ఏది తగిలినప్పుడు వెనక్కు జరుగుతోందో గమనించండి.

2. వేడుకకు కొన్ని రోజుల ముందే ఒక్కొక్కటి కొద్దిగా వాడి చూడండి. వాసన లేనివి ఎంచుకోండి.

3. ముఖం కడుక్కోవాలంటే వెంటనే కడుక్కోనివ్వండి.

4. వద్దంటే మానేయండి. పెళ్ళికూతురైనా సరే, బలవంతం చేయకండి.

5. దురద, దద్దుర్లు, నుదుట తెల్లమచ్చ కనిపిస్తే అది చర్మ సమస్య. చర్మవైద్యునికి చూపించండి.

అలంకరణ వద్దన్నంత మాత్రాన ఆటిజం ఉందనుకోకూడదు. చిన్ననాటి నుంచి పైన చెప్పిన ఇతర లక్షణాలు కూడా ఉంటే పిల్లల వైద్యునికి గాని, మానసిక వైద్యునికి గాని చూపించండి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా చేరింది. పెద్దవయసు స్త్రీలు కూడా పరీక్ష చేయించుకోవచ్చు. ఇన్నేళ్ళూ మొండిదన్న మాట పడిన మనిషికి అసలు కారణం తెలియటమే పెద్ద ఊరట.