మిరియపు గింజ అద్దె

ఇల్లు కొనినవాడు ఇంటికి యజమాని యగునని తెలుగువారు తలంతురు. ఇంగ్లండు, వేల్సులలోని లక్షల ఫ్లాట్ల విషయమున ఈ మాట పూర్తిగా చెల్లదు. అచ్చట ఫ్లాటు కొనినవాడు గోడలను గాక కాలమును కొనుచున్నాడు. లీజు పత్రమున 99 సంవత్సరములనియో, 125 సంవత్సరములనియో వ్రాసియుండును. ఆ గడువు తీరిననాడు ఫ్లాటు నేల యజమానికి మరలిపోవును. చట్టరక్షణ వలన నివాసి వెంటనే వీథిని పడకపోవచ్చును. కాని నిన్నటి యజమాని నేడు బాడుగకున్నవాడగును.

ఈ వింతకు కారణము లేకపోలేదు. నేలపై శాశ్వతహక్కు గలవాడు కప్పు బాగుచేయింతునని మాట ఇచ్చినను, అతనియొద్ద కొనినవానిని ఆ మాట కట్టివేయదని 1885లో ఒక తీర్పు వచ్చెను. 1994లో ప్రభువుల సభ దానినే స్థిరపరచెను. ఒకే కప్పు క్రింద ఇరువది కుటుంబములున్న భవనమునకు ఇది చిక్కు. లీజు షరతులు మాత్రము కొనినవారినందరిని వరుసగా బంధించును. కనుకనే ఫ్లాట్లు లీజు దారి పట్టినవి.

ఆ దారిలో పెద్ద వంశములు సంపన్నములైనవి. 1677లో సర్ థామస్ గ్రోవెనర్ అనునతడు మేరీ డేవిస్ అను బాలికను పెండ్లాడగా, లండను ప్రక్కనున్న పొలములు ఆ వంశమునకు సంక్రమించెను. ఆ పొలములే నేటి మేఫేరు, బెల్గ్రేవియా. ఆ వంశమువారే వెస్ట్‌మినిస్టర్ డ్యూకులు. లీజుదారులు తమ ఇండ్ల నేలను కొనుక్కొనుటకు 1967 నాటి చట్టము హక్కునియ్యగా, ఆ ఎస్టేటు ధర్మకర్తలు ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము వరకు పోయిరి. 1986లో వారు ఓడిరి.

ఫ్లాట్లలోనివారి వంతు 1993లో వచ్చెను. ఆ సంవత్సరపు చట్టము మిగిలిన గడువునకు 90 సంవత్సరములు చేర్చి, నేల అద్దెను ఒక మిరియపు గింజకు దించెను. ప్రతిఫలము లేని ఒడంబడిక చెల్లదను పాత న్యాయము కొరకే ఈ గింజ. దానిని అడుగువాడు లేడు, ఇచ్చువాడు లేడు.

గింజ చౌక గాని, పొడిగింపు చౌక కాదు. ఉదాహరణకు, 75 సంవత్సరములు మిగిలిన ఒక ఫ్లాటు ధర 2,90,000 పౌండ్లనుకొందము. పొడిగించిన పిమ్మట అది 3,20,000 పలుకును. నేల యజమాని హక్కు విలువ 10,000. రెండు హక్కులు విడివిడిగా 3,00,000; కలిసినచో మరి 20,000 అధికము. ఈ అధికమునకే ‘వివాహ విలువ’ అని పేరు. 1993 చట్టపు లెక్కలో అందు సగము నేల యజమానిది. కాగా నివాసి చెల్లింపవలసినది 20,000 పౌండ్లు.

2002 నాటి చట్టము ఇచ్చట ఒక గీత గీచెను. మిగిలిన గడువు 80 సంవత్సరములు మించినచో వివాహ విలువ లేదు. నోటీసు ఇచ్చిన దినమే లెక్కకు ఆధారము. గీతకు ముందు మేల్కొనినవానికి, తరువాత మేల్కొనినవానికి వేల పౌండ్ల అంతరము. ఉపేక్షించినకొలది గడువు తరుగును, ధర పెరుగును. గడువు మరీ తరిగిన ఫ్లాటుపై అప్పిచ్చుటకు బ్యాంకులు వెనుదీయును, కొనువారు దొరకరు.

నోటీసునకు నేల యజమాని కనీసము రెండు నెలల గడువులో ప్రత్యుత్తరమియ్యవలెను. ఇయ్యనిచో నివాసి కోరిన షరతులకే పొడిగింపు ఇప్పించుటకు కోర్టుకు అధికారము కలదు. ధర కుదరనిచో న్యాయాధికరణము తేల్చును.

2022 జూన్ 30 నుండి వ్రాయు క్రొత్త లీజులలో చాల భాగమునకు నేల అద్దె మిరియపు గింజయే. 2024 చట్టము మరింత ముందుకు పోయి, పొడిగింపును 990 సంవత్సరములు చేయుటకు, వివాహ విలువను తొలగించుటకు నిశ్చయించెను. కాని ఈ విధులు ఆమోదముతోనే అమలులోనికి రాలేదు. ప్రభుత్వపు ఉత్తర్వు వాటికి అవసరము. కొని రెండేండ్లు నిండినగాని పొడిగింపు కోరరాదను పాత నియమము మాత్రము 2025 జనవరి 31న తొలగెను.

తెలుగు నగరములలో ఫ్లాటు విక్రయపత్రమున నేలలో అవిభక్తపు వాటా సాధారణముగా చేరియుండును. అందుచేత లండనులో ఇల్లు చూచు తెలుగు కుటుంబమునకు గదులెన్ని, రైలు స్టేషనెంత దూరమని అడుగుటయే సహజముగా తోచును. అచ్చట మొదట అడుగవలసినది ఇంకెన్ని సంవత్సరములు మిగిలినవని. గోడలకు సున్నము వేయవచ్చును, తలుపులు మార్చవచ్చును. తరిగిన కాలమును మాత్రము, తరిగినకొలది హెచ్చు వెలకే కొనవలసియుండును.